పట్టణంలో నేడు

జిల్లా పేజీల్లో ఓ మూల ‘పట్టణంలో నేడు’ అనే శీర్షిక ఉంటుంది. కొన్ని పత్రికల్లో దాన్నే ‘నేటి కార్యక్రమాలు’ అంటారు. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏం జరుగుతుందో చెప్పే రెండు మూడు పంక్తులు. అలాంటివి ఓ అయిదారు. విజయనగరంలో జిల్లా డెస్కులో పనిచేసిన రోజుల్లో ఆ శీర్షిక చూసే పని చాలాకాలం నాదే. పెద్ద వార్త రాస్తే పేరు పడుతుంది, నలుగురూ ఫోన్ చేస్తారు. ఈ శీర్షిక రాసిందెవరని ఎవరూ అడగరు. అయినా పత్రికాఫీసులో నేను నేర్చుకున్న పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఇదే. ఊరిని ప్రేమించడం నాకు నేర్పింది కూడా ఇదే.

ఆదివారం జాబితా వేరు, బుధవారం జాబితా వేరు. ఆదివారం పెద్ద సన్మానాలు, వనభోజనాలు, బయటి ఊళ్ల నుంచి వచ్చే ముఖ్య అతిథులు. బుధవారం జాబితాలో ఉండేవాళ్లంతా ఊళ్లోవాళ్లే. పొద్దున్న పింఛనుదారుల సంఘం సమావేశం, కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ పిల్లల రక్తదాన శిబిరం, మధ్యాహ్నం ఏదో వీధి బడిలో కంటి పరీక్షలు, సాయంత్రం గ్రంథాలయంలో పుస్తక పరిచయం, రాత్రి గుడి మండపంలో హరికథ. ఇక సోమవారమైతే కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ తప్పనిసరి. పనిదినాన ఒక కార్యక్రమం జరిగిందంటే దాని వెనక ఎవరో ఒకరు సగం రోజు సెలవు పెట్టుకున్నట్టే, లేదా దుకాణం తమ్ముడికి అప్పగించి వచ్చినట్టే. అంత మనసు పెట్టినవాళ్ల పనిని మూడు పంక్తుల్లో చెప్పడమంటే నాకెప్పుడూ చిన్న పని అనిపించలేదు.

విజయనగరం లాంటి చదువుల ఊళ్లో పనిదినాల్లో సభలు పెట్టడానికి ఒక కారణం ఉంది. 1857లో మొదలైన బడి 1879లో మహారాజా కాలేజీ అయింది. 1860లో సంస్కృత కళాశాల వచ్చింది. 1919లో సంగీత కళాశాల వచ్చింది. ఇప్పుడు ఇంజినీరింగ్ కాలేజీలు, గురజాడ పేరు మీద జేఎన్‌టీయూ, 2023 నుంచి వైద్య కళాశాల. పిల్లలు పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి, పాలకొండ వైపు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటారు. శనివారం మధ్యాహ్నానికి బ్యాగులు తగిలించుకుని బస్టాండుకు చేరతారు. ఆదివారం ఊళ్లో కుర్రాళ్లే కనిపించరు. కాబట్టి పిల్లలు రావాలనుకునే సభ సోమవారానికీ శుక్రవారానికీ మధ్యే పెట్టాలి. ల్యాబులు వదిలేదాకా ఆగి మొదలుపెట్టాలి, ఆడపిల్లల హాస్టల్ గేటు మూసే వేళకు ముందే ముగించాలి. దొరికేదల్లా రెండు గంటలు, రెండున్నర గంటలు. ఆ కాస్త వ్యవధిలో ప్రార్థన, వక్తలు, వందన సమర్పణ అన్నీ ఇమడ్చగలిగిన కార్యదర్శిని చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. అది అనుభవంతో వచ్చే నేర్పు.

ఈ ఊరి కేలండర్ కూడా ఆదివారం కోసం ఆగదు. ఆగస్టు 31న ఆదిభట్ల నారాయణదాసు జయంతి. సెప్టెంబరు 21న గురజాడ జయంతి. నవంబరు 8న ద్వారం వెంకటస్వామినాయుడు జయంతి. ఆ తర్వాత 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. డిసెంబరు 4న ఘంటసాల జయంతి. ఆ తేదీ ఏ వారం పడితే ఆ వారమే సభ. ఊరంతటికీ అతిపెద్ద పండుగకైతే వారమే ముందు. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం, ముందు రోజు సోమవారం తొలేళ్లు. గుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరిగి వచ్చేదాకా ఊళ్లో మరో పని ఉండదు. సెలవు చూసుకుని పండుగ చేయడం కాదు, పండుగ వచ్చిన రోజునే తీరిక చేసుకోవడం ఇక్కడి పద్ధతి. మామూలు బుధవారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో కుర్చీలు వేసేవాళ్లలోనూ నాకు ఆ పద్ధతే కనిపిస్తుంది.

ఇక పని సంగతి. మధ్యాహ్నం మూడు దాటాక ఉత్తరాలు పట్టుకుని మనుషులు వచ్చేవారు. ఎక్కువగా రిటైరైన మాస్టార్లు. తెల్లకాగితం మీద గుండ్రని చేతిరాత, కింద సంఘం రబ్బరు ముద్ర. “బాబూ, రేపటి పేపర్లో ఒక్క ముక్క పడాలి” అని చేతికిచ్చి, మనం చదివేదాకా నిలబడేవారు. కాగితం నిండా అతిథుల పేర్లు, వారి బిరుదులు ఉండేవి. సభ ఎందుకో రెండో పేరాలో, వేదిక ఎక్కడో చిట్టచివర. నా పని దాన్ని తిరగెయ్యడం. ముందు ఏమిటి, తర్వాత ఎక్కడ, ఆ వెంటనే ఎప్పుడు. ‘నారాయణదాసు హరికథల్లోని సంగీతంపై ప్రసంగం, గానం. గంటస్తంభం నుంచి కోటకు వెళ్లే దారిలో ఎడమవైపు మేడ మీది హాలు. సాయంత్రం 6 గంటలకు. అందరూ రావచ్చు.’ అంతే. వక్త పేరు ఒకటి ఉంటే చాలు. ‘ఘనంగా’, ‘అంగరంగ వైభవంగా’ లాంటి మాటలు ఇంకా జరగని సభకు వేయకూడదు.

రాసే ముందు రెండు ప్రశ్నలు అడిగేవాణ్ని. మైకు మాట్లాడారా? హాలు తాళం ఎవరి దగ్గరుంది? రెండోదానికి ఠక్కున జవాబొస్తే సభ జరిగి తీరుతుంది. “వాచ్‌మన్ దగ్గరే, అయిదింటికి నేనే వెళ్లి తీయిస్తా” అని ఒక పెద్దాయన చెబితే ఇక నేను నిశ్చింతగా ముద్రకు పంపేవాణ్ని. జవాబు తడబడితే ఆరు గంటలకు మళ్లీ ఫోన్ చేసి కనుక్కున్నాకే వేసేవాణ్ని. పాఠకుడు మన మాట నమ్మి చెప్పులు వేసుకుని బయల్దేరతాడు. అతను మూసిన తలుపు ముందు నిలబడకూడదు.

ఆ పాఠకుడు ఎవరు? నా మట్టుకు నాకు ఎప్పుడూ ఒక్కడే కనిపించేవాడు: ఈ ఏడే ఊళ్లోకి వచ్చిన కుర్రాడు. సంఘం సభ్యులకు ఆహ్వానం ముందే అందుతుంది, పేపర్లో వేసినా వేయకపోయినా వాళ్లు వస్తారు. ఎవరూ పిలవని మనిషి కోసమే ఈ మూడు పంక్తులు. డిగ్రీ మూడేళ్లు, ఇంజినీరింగ్ నాలుగేళ్లు. అంటే ఏటా విద్యార్థుల్లో మూడో వంతో నాలుగో వంతో కొత్తవాళ్లే. ఊరు వాళ్లకు ప్రతి ఏడూ మొదటి నుంచి తనను తాను పరిచయం చేసుకోవాలి. అందుకే ‘షరా మామూలు వేదికలో’ అని ఏ ఉత్తరంలో కనిపించినా కొట్టేసి దారి గుర్తులు రాయాలి. పాతవాళ్లకు అవి అనవసరమే. కొత్తవాడికి అవే ప్రాణం.

ఎవరూ పిలవని మనిషిని పిలవాలన్న మాట ఈ ఊరి చరిత్రే చెబుతుంది. చాగంటి జోగారావు అనే ఆయన కొడుకు, చూపులేని కుర్రాడికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనతోనే విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల పెట్టారని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. 1919 ఫిబ్రవరి 5న, ఒక బుధవారం నాడు, ఆదిభట్ల వారు అధ్యక్షులుగా అది మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్లకు కృష్ణా జిల్లా నుంచి, తనవాళ్లంటూ ఎవరూ లేని ఈ ఊరికి ఘంటసాల వచ్చాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి చదువు చెప్పారు. ఊళ్లో ఇళ్లు మధూకరం పెట్టి కడుపు నింపాయి. రోజూ జోలె పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన ఆ కుర్రాడు రేపు ఎవరవుతాడో అన్నం పెట్టిన తల్లులకు తెలియదు. వచ్చాడు, పెట్టారు. చదువుల ఊరికి ఉండాల్సిన గుణం అదే.

ఇప్పుడు ఆహ్వానాలన్నీ వాట్సాప్‌లోనే నడుస్తున్నాయి. రంగుల కార్డు క్షణంలో అందరికీ చేరుతుంది. ఆ సౌకర్యం మంచిదే, ఖర్చు కూడా లేదు. కానీ ఆ ‘అందరూ’ గ్రూపులో ఉన్న అందరే. హాల్లో చూస్తే ప్రతి వారం అవే ముఖాలు, ఏటేటా నెరుస్తున్న తలలు. “పిల్లలు రావడం లేదండీ” అని సంఘాల పెద్దలు నాతో బాధపడుతుంటారు. పిల్లలకు ఇష్టం లేక కాదు, వాళ్లకు కబురు అందక. ఒకసారి ఒక హరికథకు వెళ్లినప్పుడు వైద్య విద్యార్థి ఒకతను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. లోపల కూర్చున్న పెద్దావిడ చూసి, “అక్కడే నిల్చుండిపోనావేటి బాబూ, లోపలికి రా” అని జంపఖానా మీద పక్కకు జరిగింది. కథ సగమయ్యేసరికి అతను చిడతల దరువుకు మోకాలి మీద తాళం వేస్తున్నాడు. అయ్యాక అడిగితే, హాస్టల్ మెస్‌లో టిఫిన్ చేస్తూ పేపర్లో చూశానన్నాడు. హరికథ అంటే ఏమిటో అంతకు ముందు అతనికి తెలియదు. వేళ తెలిసింది, దారి తెలిసింది, అందరూ రావచ్చని తెలిసింది. వచ్చాడు.

అందుకే నా విన్నపాలు. సంఘాల కార్యదర్శులు కార్డును గ్రూపులో పెట్టిన చేత్తోనే ఒక కాపీ హాస్టల్ నోటీసు బోర్డుకూ, గ్రంథాలయం గోడకూ, పత్రికాఫీసుకూ పంపాలి. అందులో అతిథుల బిరుదులు తగ్గించి దారి రాయాలి. చెప్పిన వేళకు మొదలుపెట్టాలి, పిల్లలు గేటు మూయకముందే హాస్టల్‌కు చేరేలా ముగించాలి. జిల్లా పేజీలు దిద్దే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ప్రకటన వచ్చిందని చోటు లేక మొదట తీసేసే శీర్షిక ఇదే అవుతోంది. దీన్ని కాపాడండి. పెద్ద వార్త ఊరికి ఏం జరిగిందో చెబుతుంది. ఈ మూడు పంక్తులు ఊరికి ఎలా రావాలో చెబుతాయి.

ఇక చదువుల ఊళ్లలో కాపురముంటున్న మీరు. విజయనగరం కావచ్చు, తిరుపతి కావచ్చు, వరంగల్ కావచ్చు. ఈ వారం మీ పేపర్లో ఆ మూల చూడండి. ఒక పనిదినపు సాయంత్రం ఎంచుకోండి. మీ మేడ మీద అద్దెకున్న పిల్లల్లో ఒకరిని, “వస్తావా?” అని అడిగి వెంటబెట్టుకు వెళ్లండి.