నడిమి మెట్టు లేని నిచ్చెన: సింగపూర్ అద్దె ఇళ్లపై ఒక పరిశీలన

సింగపూర్ గృహనిర్మాణ చరిత్రను విజయగాథగా చెప్పడం పరిపాటి. ఆ గాథలో అసత్యం తక్కువ. గాలి, వెలుతురు సోకని ఇరుకు గదులకూ క్షయవ్యాధికీ ఉన్న సంబంధాన్ని 1907లోనే వైద్యుడు డబ్ల్యూ. జె. సింప్సన్ తన నివేదికలో ఎత్తిచూపాడు. 1927లో ఏర్పడిన సింగపూర్ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ 32 ఏళ్లలో కట్టించగలిగినవి సుమారు 23 వేల ఇళ్లు. 1960 ఫిబ్రవరిలో దాని స్థానంలోకి వచ్చిన హౌసింగ్ అండ్ డెవలప్‌మెంట్ బోర్డు మొదటి అయిదేళ్లలోనే 50 వేలకు పైగా ఫ్లాట్లు కట్టింది. 1961 మే 25న బుకిట్ హో స్వీ అగ్నిప్రమాదంలో సుమారు 16 వేల మందికి నిలువనీడ లేకుండా పోతే, ఆ బూడిద మీదనే బోర్డు భవనాలు లేచాయి.

ఈ గాథ చెప్పేవారు తరచు మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆ తొలి ఫ్లాట్లు అద్దెకిచ్చినవి. సొంత ఇంటి పథకం 1964లో వచ్చింది. ప్రావిడెంట్ ఫండ్ పొదుపును ఇంటి కొనుగోలుకు వాడుకునే వీలు 1968లో కలిగింది. అక్కడి నుంచి సింగపూర్ విధానానికి సొంతిల్లే కేంద్రమైంది. నేడు స్థానిక జనాభాలో సుమారు 80 శాతం బోర్డు ఫ్లాట్లలో ఉంటున్నారు. స్థానిక కుటుంబాలలో దాదాపు 90 శాతానికి సొంతిల్లుంది. బోర్డు ఇళ్లలో అద్దెవి ఆరు శాతం దాటవు. ఒకప్పుడు అందరిదీ అయిన అద్దె ఇల్లు, ఇప్పుడు మరో దారి లేనివారికి మిగిలిన చివరి ఆశ్రయం.

ఆ ఆశ్రయంలోని జీవితాన్ని సామాజిక శాస్త్రవేత్త టియో యూ యెన్ 2018లో వెలువడిన ‘దిస్ ఈజ్ వాట్ ఇనీక్వాలిటీ లుక్స్ లైక్’ అనే వ్యాససంపుటిలో సన్నిహితంగా చిత్రించింది. ఏళ్ల తరబడి అద్దె బ్లాకులకు వెళ్లి, అక్కడి తల్లిదండ్రులతో మాట్లాడి రాసిన పుస్తకమది. పేదరికాన్ని వ్యక్తి లోపంగా కాక వ్యవస్థ రూపంగా చూడాలనీ, సహాయం పొందే క్రమంలో మనిషి గౌరవం కోల్పోకూడదనీ ఆమె వాదం. ఆ పుస్తకం సింగపూర్‌లో అంతగా చదవబడటానికి కారణం, అది కొత్త అంకెలు చెప్పినందువల్ల కాదు. పక్క బ్లాకులో ఉన్నదాన్ని చూపినందువల్ల. అయితే గౌరవం గురించిన ఆ ప్రశ్నను మరొక అడుగు ముందుకు, అద్దెను లెక్కగట్టే పద్ధతి దాకా, తీసుకువెళ్లవలసి ఉంది.

ఆ పద్ధతి ఇది. అద్దె ఇల్లు ఒకటి లేదా రెండు గదులది. చాలా ఏళ్లపాటు కుటుంబ ఆదాయం నెలకు 1,500 డాలర్లు మించరాదన్నది ప్రధాన నియమం. తరువాత పరిస్థితులను బట్టి వెసులుబాటు కల్పిస్తున్నారు. అద్దె నెలకు 26 డాలర్ల నుంచి 275 డాలర్ల దాకా ఉంటుంది. 800 డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబం ఒక గది ఇంటికి 26 నుంచి 33 డాలర్లు కడుతుంది. అదే ఆదాయం, అదే గది అయినా, ఆ కుటుంబం గతంలో ప్రభుత్వ రాయితీతో ఇల్లు కొని ఉంటే 90 నుంచి 123 డాలర్లు కట్టాలి. అంటే ఈ అద్దెకు గోడల ఖరీదుతోగాని, లిఫ్టు నిర్వహణతోగాని సంబంధం లేదు. అది అద్దెదారు ఆదాయానికీ, గతానికీ కట్టిన వెల. ఆదాయం పెరిగితే అద్దె పెరుగుతుంది. మరికాస్త పెరిగితే అర్హతే ప్రశ్నార్థకమవుతుంది. నిచ్చెన ఎక్కమంటూనే నడిమి మెట్టు తీసేసినట్టు.

ఆ నడిమి మెట్టుకు కొన్ని దేశాలలో నిర్మాణ వ్యయాధారిత అద్దె అని పేరు. ఆస్ట్రియాలో పరిమిత లాభ సంఘాలు కట్టే ఇళ్లలో అద్దె, భూమి, నిర్మాణం, వడ్డీ, మరమ్మతుల ఖర్చుకు సరిపడేంతే ఉండాలని చట్టం. అంతకు మించకూడదు, తగ్గకూడదు. అప్పు తీరాక అద్దె తగ్గుతుంది; మిగులును తిరిగి ఇళ్ల మీదనే పెట్టాలి. అక్కడ గుమాస్తా, నర్సు, ఉపాధ్యాయుడు ఒకే మెట్లెక్కుతారు. ఆ చిరునామా ఎవరి పేదరికాన్నీ చాటదు. ఐర్లండ్ కూడా 2021 చట్టంతో ఈ బాట పట్టి, మార్కెట్ అద్దె కంటే కనీసం 25 శాతం తక్కువ అద్దెను లక్ష్యంగా పెట్టుకుంది.

దీనికి సింగపూర్ నుంచి రాగల బలమైన అభ్యంతరం భూమి. బోర్డు తాను వాడే ప్రభుత్వ భూమికి మార్కెట్ విలువ చెల్లిస్తుంది. ఆ సొమ్ము దేశపు నిల్వలలో చేరుతుంది. ఆ విలువను కలిపి లెక్కిస్తే ‘వ్యయం’ సామాన్యుడికి అందదు. కానీ వ్యయమన్నది ప్రకృతి సిద్ధమైన అంకె కాదు. 1966 భూసేకరణ చట్టం కింద ప్రజల నుంచి భూమి తీసుకున్నప్పుడు, పరిహారాన్ని ఒక దశలో 1973 నాటి విలువకు మించకుండా కట్టడి చేశారు. ఆనాడు తక్కువకు తీసుకున్న నేలను ఈనాడు ఏ ధరకు లెక్కగట్టాలన్నది గణితం కాదు, రాజకీయ నిర్ణయం. వియన్నా నగరం 1984 నుంచి ప్రత్యేక నిధి ద్వారా భూమిని ముందే సేకరించి పెట్టుకుంటున్నదీ అందుకే.

రెండో అభ్యంతరం, సొంతిల్లు వృద్ధాప్యానికి ఆస్తి అన్నది. నిజమే, రెండు తరాల సింగపూరియన్లకు ఆ ఇల్లే పొదుపు. అయితే ఆ సొంతిల్లు 99 ఏళ్ల లీజు. పాత ఫ్లాట్లన్నిటినీ ప్రభుత్వం తిరిగి కొనుక్కోదని 2017లో మంత్రి లారెన్స్ వాంగ్ గుర్తుచేసినప్పుడు కలిగిన కలవరం, ఆ ‘సొంతం’ కూడా ముందే చెల్లించిన దీర్ఘకాలపు అద్దె అన్న ఎరుక నుంచి పుట్టింది. అద్దె, సొంతం అన్న రెండు మాటల మధ్య గోడ అనుకున్నంత మందం కాదు.

ఈ లెక్కలో అసలు కనపడని వారు పనికోసం వచ్చినవారు. ప్రైవేటు ఇళ్ల అద్దెల సూచీ 2022 ఒక్క ఏడాదిలోనే 29.7 శాతం పెరిగినప్పుడు, అపార్ట్‌మెంట్లలో అద్దెకున్న విదేశీ ఉద్యోగులకు లీజు కాగితం కరిగే మంచుగడ్డ అయింది. డార్మిటరీలలో ఉన్న నిర్మాణ కార్మికుల కథ మరీ బాధాకరం. 2020 డిసెంబరు నాటికి అక్కడి సుమారు 3 లక్షల 23 వేల మందిలో 47 శాతానికి కోవిడ్ సోకినట్టు ప్రభుత్వమే ప్రకటించింది. ఇరుకుకూ అంటువ్యాధికీ ఉన్న బంధాన్ని సింప్సన్ 113 ఏళ్ల ముందే చెప్పాడు. దేశానికి ఇళ్లు కట్టే చేతులకు ఆ దేశపు గృహవిధానంలో చోటు లేదు.

తెలుగు రాష్ట్రాలకు ఈ చర్చ దూరపుది కాదు. అమరావతి ప్రణాళికకు సింగపూర్‌నే అడిగిన పాలకులు, ఇంటి విషయంలో అక్కడి నుంచి నేర్చుకున్నది సొంతిల్లన్న సగమే. ఇందిరమ్మ ఇల్లు, డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు, టిడ్కో ఫ్లాటు అన్నీ పట్టా చేతికిచ్చే పథకాలే. మధ్యాదాయ వర్గానికి మార్కెట్ కంటే తక్కువకు ఇస్తామని 2007లో మొదలైన రాజీవ్ స్వగృహలో బండ్లగూడ, పోచారం భవనాలు ఏళ్ల తరబడి అమ్ముడుపోక నిలిచాయి. అదే హైదరాబాదులో లక్షల మంది అద్దె ఇంటి కోసం గేట్ల మీది టు-లెట్ బోర్డులు చదువుతూ తిరిగారు. వలస కార్మికుల కోసం కేంద్రం 2020లో అద్దె సముదాయాల పథకం తెచ్చినా, అద్దె ఇల్లు కూడా గౌరవప్రదమైన ఇల్లేనన్న భావన మన విధానాలలో ఇంకా వేరూనలేదు.

ఇంటి కొరతను సొంతిల్లు ఒక్కటే తీర్చలేదని సింగపూర్ అనుభవమే చెబుతోంది. అద్దెదారుని నెల జీతం అడగకుండా ఇంటి ఖర్చు మాత్రమే అడిగే అద్దె, దానమూ కాదు, లాభమూ కాదు. తక్కువ కాలంలో అన్ని ఇళ్లు కట్టిన బోర్డుకు ఆ మెట్టు కట్టడం చేతకాని పని కాదు. కావలసింది సిమెంటు కాదు, నేల ఎవరిదన్న ప్రశ్నకు నిజాయితీ గల జవాబు.