గీతలతో యంత్రనియంత్రణము

విద్యుత్పరికరమును నిర్మింపబూనినవాడు తీగను కోయకమునుపే ఏ భాగపు కొస ఏ భాగపు కొసతో కలియవలెనో కాగితముపై గీసికొనుట చిరకాలముగా వచ్చుచున్న పద్ధతి. తీగయే లేని చోట, అనగా యంత్రమును నడుపు సాఫ్ట్‌వేరునందు గూడ, ఆ పద్ధతిని నిలిపినవారి కృషి మనము శ్రద్ధతో తెలిసికొనదగినది.

ఇట్టి యత్నములలో లోకప్రసిద్ధమైనది ల్యాడర్ చిత్రము. 1968లో జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్ విభాగము, రిలేలతో నిండిన పెద్దపెద్ద ప్యానెళ్లకు మారుగా, మాటిమాటికి తీగలు విప్పి కట్టనక్కరలేని ఎలక్ట్రానిక్ నియంత్రకమును కోరగా, డిక్ మోర్లీయు ఆతని సహచరులును నిర్మించిన మోడికాన్ 084 మరుసటి యేడు వెలువడినది. ఈ నియంత్రకములకు ప్రోగ్రామును రిలే చిత్రపు రూపముననే, అనగా ల్యాడరుగా, వ్రాయుట ఆచారమయ్యెను. అందుచేత ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియను క్రొత్త భాష నేర్వకయే, తనకు కరతలామలకమైన కాంటాక్టులను, కాయిళ్లను తెరపై చదువుకొనగలిగెను. అంతర్జాతీయ ప్రమాణసంస్థయగు ఐఈసీ వారు 1993లో వెలువరించిన పీఎల్‌సీ (ఇట్టి నియంత్రకము) భాషల ప్రమాణమునందును ల్యాడరునకు స్థానము లభించినది.

అయితే నాకు అంతకంటె మనోజ్ఞముగా తోచునది, యంత్రనియంత్రణ ప్రోగ్రామైన లైనక్స్‌సీఎన్‌సీలోని మార్గము. అమెరికాలోని నిస్ట్ అను ప్రమాణసంస్థ 1990ల దశకమున రూపొందించిన దాని మూలరూపము పిమ్మట స్వచ్ఛందముగా పనిచేయువారి చేతికి వచ్చి, జాన్ కసునిచ్ రచించిన ‘హాల్’ అను పొరతో క్రొత్త రూపు దాల్చినది. హాల్ యందు ప్రతి చిన్న పనికిని ఒక కాంపొనెంటు గలదు, దానికి పిన్నులుండును, పిన్నును పిన్నుతో కలుపునది సిగ్నల్. చిప్పులను ఎంచుకొని బోర్డుపై కలుపు ఇంజనీరు నడచు దారినే బుద్ధిపూర్వకముగా అనుసరించి దీనిని నిర్మించిరి గనుక, సర్క్యూట్లు గీయు పనిముట్టుతోనే దీనిని గీయవచ్చునన్న ఊహ కలుగుట సహజమే.

జీస్కెమ్ వంటి సర్క్యూట్ చిత్రముల ఎడిటరునందు, స్థానదోషమును దిద్దు పీఐడీకి ఒక చిహ్నము, స్థానమును కొలుచు ఎన్‌కోడరునకు ఒకటి చొప్పున మొదట తయారుచేసికొని, ప్రతి పిన్నుకును హాల్‌లో దానికి గల పేరే పెట్టి, అది విలువను లోనికి తీసికొనునదో వెలికి పంపునదో గుర్తింపవలెను. చిహ్నపు ప్రక్కనుండు సంకేతనామమే కాంపొనెంటు పేరు. గీతకు పెట్టిన పేరే సిగ్నల్ పేరు. అటుపిమ్మట నెట్‌లిస్ట్ ప్రోగ్రాము బొమ్మను చదివి, ఏ గీత ఏయే పిన్నులను తాకుచున్నదో పట్టిక తీయును. స్కీమ్ భాషలో వ్రాసికొన్న ఒక చిన్న భాగము ఆ పట్టికను హాల్ ఆదేశములుగా మార్చి ఫైలున వ్రాయును.

హాల్ ఫైలును చేతితో వ్రాయువారు విలువ ఎటునుండి ఎటు పోవునో తెలియుటకై పిన్నుల నడుమ బాణపు గుర్తు పెట్టుదురు. ఆ గుర్తు చదువరి కొరకే. తలక్రిందులుగా పెట్టినను హాల్ దానిని లెక్కచేయదు. బొమ్మలోనైతే దిశ పిన్నుకే అంటియుండును గనుక, విలువను వెలికి పంపు పిన్నులు రెండింటిని ఒకే గీతకు కట్టినచో, యంత్రము దాకా పోకమునుపే తనిఖీ ప్రోగ్రాము పట్టుకొనును. బొమ్మ మేలునకు అంతకంటె విలువైన సాక్ష్యము ఎమర్జెన్సీ స్టాప్ కడ దొరకును. నమూనా కాన్ఫిగరేషన్లలో, లోపల అడ్డు లేదని ప్రోగ్రాము వెలికి పంపు పిన్నును, వెలుపలను అడ్డు లేదని వినవలసిన పిన్నుకే నేరుగా కలిపియుంచుదురు. అనగా బటన్ ప్రసక్తియే లేదు. పొడవైన ఫైలులో ఆ ఒక్క పంక్తి కంటబడకపోవచ్చును. బొమ్మలో, బయలుదేరిన గీత ఏ బటన్‌ను తాకక వెనుదిరిగి వచ్చుట చూచినవాని చేయి అక్కడనే ఆగును. (ప్రాణరక్షణకు సాఫ్ట్‌వేరును మాత్రమే నమ్మరాదు, బటన్ మోటారులకు పోవు విద్యుత్తునే తెంపవలెను.)

ఇంత మేలు గల బొమ్మకు చెప్ప చేతకానిది ఒకటి గలదు, అది కాలము. సర్క్యూటులో భాగములన్నియు ఏకకాలమున పనిచేయుచుండగా, హాల్ యందు సర్వో థ్రెడ్డు అను ఆవర్తన ప్రక్రియ సాధారణముగా మిల్లీసెకనుకు ఒకమారు మేల్కొని కాంపొనెంట్ల ఫంక్షనులను వరుసగా నడపును: మొదట ఎన్‌కోడరును చదువుట, పిదప చలనగణనము, తరువాత పీఐడీ, తుదకు డ్రైవునకు విలువ పంపుట. ఆ పంపుట పీఐడీకి ముందు పడినచో, గీతలన్నియు సరిగానే ఉండును, కాని డ్రైవునకు చేరునది వెనుకటి మిల్లీసెకను నాటి విలువ. పీఐడీ గెయిన్, అనగా దోషమును దిద్దు తీవ్రత, హెచ్చించినకొలది యంత్రము కంపించుటకు ఆ ఆలస్యము తోడ్పడును. కావున ప్రతి చిహ్నమునకును వరుససంఖ్యను తగిలించి, అది బొమ్మపై కనబడునట్లుంచి, ఫంక్షనులను థ్రెడ్డునకు చేర్చు పంక్తులు గూడ దానినుండియే పుట్టునట్లు చేయవలెను. వరుసను వేరొక ఫైలులో విడిగా వ్రాసికొన్నచో ఆ బొమ్మ సగము సత్యమే చెప్పునని నా నిశ్చితాభిప్రాయము.

బొమ్మనుండి పుట్టిన ఫైలును చేతితో దిద్దరాదు. మార్పు ఎంత చిన్నదైనను బొమ్మలోనే జరుగవలెను. తరచు సవరింపవలసిన గెయిన్‌లు, అక్షపు హద్దులు మాత్రము ఐఎన్ఐ అను సెట్టింగుల ఫైలున ఉండుట మేలు. గీతలకు పేర్లు పెట్టుటలో బద్ధకింపరాదు. ‘ఎక్స్ స్థానదోషము’ అని తెలియునట్లు పేరిడినచో, యంత్రము వణకిననాడు, సిగ్నళ్లను తెరపై గీసి చూపు హాల్‌స్కోపు జాబితాలో అదే పేరును ఎంచి, ఆ విలువ ఎట్లు ఊగుచున్నదో చూడవచ్చును; నెట్‌లిస్ట్ ప్రోగ్రాము తనంతట తాను తగిలించిన అంకెల పేర్లతో వదలివేసినవానికి ఏ గీత ఏదో వెదకుకొనుటలోనే పూట గడచును.