పల్నాటి కథను మూడు చోట్ల వినాలి

కారెంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరుల ఉత్సవం 5 రోజులు సాగుతుంది. ప్రతి రోజుకూ ఒక పేరుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. పల్నాటి కథ తెలిసినవాళ్లు ఈ వరసను కాస్త నిదానంగా చూస్తే ఒక సంగతి పట్టుకుంటారు. కథలో కోడిపందెం ముందు జరుగుతుంది. గురజాల మంత్రి నాగమ్మ చేతిలో ఆ పందెం ఓడిపోయినందుకే మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడి పక్షం వాళ్లు మాచర్ల వదిలి వలస పోవాల్సి వచ్చింది. వలస గడువు తీరాక, మా రాజ్యం మాకివ్వమని అడగడానికి అలరాజు రాయబారం వెళ్లాడు. ఉత్సవంలో మాత్రం రాయబారం రెండో రోజు, కోడిపోరు నాలుగో రోజు వస్తాయి. అయినా అక్కడ ఎవరూ తికమక పడరు. కథ వరస వినేవాళ్ల నోటికి వచ్చే ఉంటుంది. ఏ ఘట్టం ఎప్పుడు ఎత్తుకున్నా వాళ్లే దాన్ని దాని చోట పెట్టుకుంటారు.

జానపద గానం వినడం ఎలాగో తెలుసుకోవాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం ఇక్కడ పనికిరాదు. ఏమవుతుందో అందరికీ తెలుసు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు యుద్ధం నుంచి తిరిగి రాడనీ, నాగులేరు ఎర్రబడుతుందనీ పిల్లలకు కూడా తెలుసు. తెలిసిన కథను ఈ రాత్రి, ఈ గొంతు ఎలా నడిపిస్తుందన్నదే వినవలసింది.

కారెంపూడిలో కథ పాడే హక్కు వీరవిద్యావంతులది. పంబ మోగుతుంది, తిత్తి ఒకే శ్రుతిని పట్టుకుని వదలకుండా ఉంటుంది, దాని మీద గొంతు నడుస్తుంది. కొత్తవాళ్లకు మొదటి అరగంట విసుగు పుట్టొచ్చు. అదే శ్రుతి, అదే నడక, మళ్లీ మళ్లీ అదే పల్లవి అనిపిస్తుంది. కూర్చుంటే క్రమంగా చెవి మారుతుంది. ఒక వీరుడి పేరు వచ్చినప్పుడు గొంతు ఎక్కడ ఎత్తారో, ఏ ఊరి పేరు దగ్గర జనం కదిలారో వినబడటం మొదలవుతుంది. మందపోరు నాడు బ్రహ్మనాయుడి చాపకూడు పేరుతో అన్ని కులాలవాళ్లూ ఒకచోట కూర్చుని తింటారు. ఆ పంక్తిలో తిన్నవాళ్లే ఆ రాత్రి బ్రహ్మనాయుడి కథ వింటారు. వీరవిద్యావంతుల పాటకు అచ్చులోనూ చోటు దొరికింది. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘైర్ ఈ సంప్రదాయంలోని గాయకుడు అలిశెట్టి గాలెయ్య పాడిన కథను రికార్డు చేసి, ఇంగ్లీషులోకి మార్చి, 1982లో పుస్తకంగా తెచ్చాడు. శ్రీనాథుడి పేరుతో ద్విపద కావ్యం ఉండగా గాయకుడి నోటి కథ కోసం వచ్చాడంటే, ఆ నోటికి ఉన్న విలువ అర్థమవుతుంది.

ఇదే కథకు రెండో రూపం బుర్రకథ. శ్రీరామనవమి పందిట్లో, దసరా నవరాత్రుల్లో, కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల ముందు గుంటూరు జిల్లా వాళ్లు తరతరాలుగా విన్నది. జంగం కథ, తంబుర కథ, గుమ్మెట కథ, తందాన కథ అని పాత పేర్లు చాలా ఉన్నాయి. ఊరూరా తిరిగి చెప్పుకునేవాళ్ల చేతుల్లో ఉన్న ఈ కళను 1943లో పుట్టిన వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలి పెద్ద వేదిక ఎక్కించింది. సుంకర సత్యనారాయణ రాసిన ‘కష్టజీవి’ బుర్రకథ ఆ రోజుల్లోదే. అంతకు ముందు చాలా చోట్ల మగవాడు కథ చెబితే ఇంటి ఆడవాళ్లు పక్కన నిలబడి గుమ్మెట కొట్టేవాళ్లు. మోటూరు ఉదయం వంటివాళ్లు ఆ పక్క చోటు వదిలి, మహిళా దళం కట్టి తామే కథ చెప్పారు.

షేక్ నాజర్ ఈ కాలంలోనే వెలిగాడు. 1920లో గుంటూరు దగ్గర పొన్నెకల్లులో పుట్టాడు, దూదేకుల కుటుంబం. కర్ణాటక సంగీతం శ్రద్ధగా నేర్చుకుని, ఆ రాగజ్ఞానాన్ని బుర్రకథకు తెచ్చి ఇచ్చాడు. అల్లూరి సీతారామరాజు, పల్నాటి యుద్ధం ఆయన గొంతులో ఊరూరా తిరిగాయి. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో పోయాడు. ఆయన ఆత్మకథ పేరు ‘పింజారి’. ఇంత చెప్పాక కూడా నాజర్‌ను ఒంటరిగా తలచుకోవడం నాకు ఇష్టం ఉండదు. బుర్రకథ ఒక్కడి కళ కాదు.

ముగ్గురు నిలబడతారు. నడుమ కథకుడు, అటొకరు ఇటొకరు వంతలు. కథకుడి భుజాన తంబుర, కుడిచేతి వేళ్లకు లోపల గుళ్లున్న అందెలు, కాళ్లకు గజ్జెలు, తలపాగా, అంగరఖా. చూసేవాళ్ల కళ్లన్నీ అతని మీదే ఉంటాయి. చెవి మాత్రం వంతల మీద పెట్టాలి. గుమ్మెటకు ఒకవైపు తోలు, రెండోవైపు ఖాళీ. ఒక చేత్తో తోలు మీద కొడుతూ, రెండో అరచేత్తో ఖాళీ మూతిని మూసి తెరుస్తుంటే నాదం లోతుగానూ తేలికగానూ మారుతుంది. మట్టి గుమ్మెట మెత్తగా గుమగుమమంటుంది, లోహంది ఖంగుమంటుంది. ఆరుబయట వందల మంది మధ్య లోహంది దూరం పోతుంది. అయినా ఏడుపు ఘట్టానికి మట్టిదానికి సాటి రాదు.

కథకుడు చరణం చివరికి వచ్చేసరికి వంతలు అందుకుంటారు. ఆ ‘తందాన’లో చాలా పనులు జరుగుతాయి. గంటల తరబడి ఆడుతూ పాడుతూ మాట్లాడే మనిషికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. తాళం జారితే సర్దుబాటు అవుతుంది. తర్వాతి చరణం నడక పెరగాలా తగ్గాలా అన్నది చాలాసార్లు గుమ్మెటలోనే ముందు తెలుస్తుంది. వచనంలోకి దిగినప్పుడు వంతలే జనం తరఫు మనుషులవుతారు. ‘అలాగా?’ అంటారు, ‘అప్పుడేమైంది?’ అంటారు, ఆశ్చర్యపోతారు, కోప్పడతారు. ఇద్దరి పని ఒకటే అనుకోకూడదు. ఒకరు హాస్య వంత. ఆ ఊరి రోడ్డు గురించో పిసినారి షావుకారు గురించో అని నవ్విస్తాడు. ఇంకొకరు రాజకీయ వంత. మాచర్ల, గురజాల తగవు నడుస్తుండగా ఈనాటి సంగతి పట్టుకొస్తాడు. తమ్ముడి వాటా ఎగ్గొట్టిన రాజు నుంచి గింజ కొలతలో మోసం చేసే కామందు దాకా ఒక్క మాటలో వచ్చేస్తాడు. ప్రజానాట్యమండలి ప్రదర్శనల మీద మద్రాసు ప్రభుత్వం నిషేధం పెట్టిందంటే ఇలాంటి మాటల పదునుకు జడిసే.

మంచి దళాన్ని గుర్తుపట్టడానికి నేను ఒక ఘట్టం కోసం కాచుకుంటాను. బాలచంద్రుడు యుద్ధానికి వెళ్తూ భార్య మాంచాల దగ్గర సెలవు తీసుకునే చోటు అది. నైపుణ్యం తక్కువైన దళం అక్కడ కూడా గుమ్మెట బాదుతూనే ఉంటుంది. చేయి తిరిగిన వంతలు దెబ్బను వేళ్లకు పరిమితం చేస్తారు, ఒక్కో చరణానికి పూర్తిగా ఆపేస్తారు. అంతవరకూ పందిరిని నవ్వులతో ముంచెత్తిన హాస్య వంత ఆ కాసేపు తల దించుకుని నిలబడతాడు. తర్వాత మాంచాల కత్తి అందించగానే రెండు గుమ్మెటలూ ఒక్క దెబ్బగా లేస్తాయి. అంతసేపు మౌనంగా ఉన్నందుకే ఆ దెబ్బకు అంత బలం వస్తుంది.

మూడో చోటు రేడియో. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. పంచాయతీ ఆఫీసు రేడియో చుట్టూ ఊరు కూర్చున్న రోజుల్లో బుర్రకథ ప్రసారమంటే పండగే. తలపాగా లేదు, అడుగుల విరుపు లేదు, తంబుర కత్తిగా మారే విన్యాసం లేదు. ఇంత పోయాక మిగిలేదేమిటని అడగొచ్చు. నా మటుకు నాకు బుర్రకథ నిర్మాణం అర్థమైంది రేడియోలోనే. కళ్లకు పని లేకపోయేసరికి మూడు గొంతులు విడివిడిగా వినబడ్డాయి. ఎవరి గుమ్మెట ఎప్పుడు వెనకపడిందో, కథకుడు ఎక్కడ ఊపిరి తీశాడో, వంత ఆ ఖాళీని ఎలా పూడ్చాడో స్టూడియో మైకు దాచకుండా చెప్పింది. పందిట్లో వేషం లాక్కుపోయే శ్రద్ధంతా ఇక్కడ పాటకే దక్కింది.

రేడియో తీసుకున్నవీ ఉన్నాయి. రాత్రంతా సాగేది గంటకో అరగంటకో కుదిరింది. ఎదుట జనం లేని గదిలో హాస్య వంత జోకు వేస్తే నవ్వేవాళ్లు లేరు, నవ్వును బట్టి మాట పొడిగించే వీలూ లేదు. సర్కారు రేడియోలో రాజకీయ వంత నోరు మరీ కట్టుబడింది. ఏలినవాళ్లను నిలదీయవలసినవాడు పొదుపు, కుటుంబ నియంత్రణ, మేలు రకం విత్తనాల గురించి చెప్పాడు. అవి చెడ్డ మాటలని కాదు, ఆ వంత పుట్టింది అందుకు కాదు. అయినా నాజర్ తరం గొంతులు ఈ రోజు మనకు మిగిలాయంటే టేపుల వల్లే. ఆకాశవాణి కేంద్రాలు ఫోనులో కూడా వినబడుతున్నాయి కాబట్టి హ్యూస్టన్‌లో ఉన్న పల్నాడు మనిషికీ ఇది అందని వస్తువు కాదు.

మూడూ వినాలని నేను అనేది ఇందుకే. కారెంపూడిలో ఆ కథ ఎవరిదో తెలుస్తుంది. పందిట్లో ఆ కథ ఇవాళ్టి మనతో మాట్లాడుతుంది. రేడియోలో దాని పనితనం బయటపడుతుంది. ఈ మధ్య సాంస్కృతిక ఉత్సవాల్లో బుర్రకథకు ఇస్తున్న ఇరవై నిమిషాల్లో ఇవేవీ జరగవు. దీపం వెలిగించాక, ముఖ్య అతిథి వచ్చేలోపు, దళం గబగబా ఒక పల్లవి పాడి, దండ వేయించుకుని దిగిపోతుంది. వేషం చూసి బుర్రకథ చూశామనుకుని జనం వెళ్తారు. అంతకన్నా బాధ కలిగించేది మైకుల ఏర్పాటు. కథకుడికి మంచి మైకు ఇచ్చి, వంతలిద్దరికీ కలిపి దూరంగా ఒకటి పెడతారు. గుమ్మెటలకు అసలే ఉండదు. వెనక వరసలకు ఒక్క గొంతే చేరుతుంది.

దీన్ని సరిదిద్దడం నిర్వాహకులకు పెద్ద ఖర్చు కాదు. ముగ్గురికీ మూడు మైకులు, గుమ్మెటల ఎత్తున మరో రెండు పెట్టండి. దళానికి కనీసం రెండు గంటలు ఇవ్వండి. ఏ ఊళ్లో ఆడుతున్నారో, ఆ ఊరి ఇబ్బందులేమిటో వంతలకు ముందురోజే చెప్పండి, మిగతాది వాళ్లు చూసుకుంటారు. దళంలో కథకుడి పేరు ఒక్కటే కరపత్రం మీద వేయకుండా ముగ్గురి పేర్లూ వేయండి. పారితోషికం కూడా ముగ్గురి చేతికీ విడివిడిగా ఇవ్వండి.