పట్టినవాడి పేరు

ఇంగ్లీషులో ‘క్యాప్టర్’ చాలా చిన్న మాట. మనిషినో ఓడనో బలవంతంగా పట్టి తన చేతిలో ఉంచుకున్నవాడని అర్థం. విప్పి చూస్తే రెండే భాగాలు, రెండూ లాటిన్‌వే. మొదటిది ‘కాపెరే’ అనే క్రియలోని ‘కాప్’, అంటే పట్టుకోవడం. రెండోది ‘తోర్’, అంటే ఆ పని చేసేవాడు. ఈ రెండో ముక్క మనకు కొత్తదేం కాదు. సంస్కృతంలోని ‘తృ’ ప్రత్యయం దీనికి తోబుట్టువు. దాత, నేత, వక్త, శ్రోత అన్నప్పుడల్లా మన నోట పలుకుతున్నది అదే. లాటిన్‌లో ఇచ్చేవాణ్ణి ‘దాతోర్’ అనేవారు.

పట్టుబడినవాడు ‘క్యాప్టివ్’. ఇందులోనూ అదే హల్లు వినిపిస్తుంది గానీ దాని పని వేరు. అది పని జరిగిపోయిందని చెప్పే ‘త’, మన ‘కృత’, ‘హత’లలో ఉన్నది. హంతను, హతుణ్ణి పక్కపక్కన నిలబెట్టి చూడండి. ధాతువు ఒక్కటే. చంపిందెవరో చచ్చిందెవరో తేల్చేది చివర అతికిన ప్రత్యయం. క్యాప్టర్, క్యాప్టివ్ జంటలోనూ అదే పనితనం.

ఈ ‘కాప్’ ధాతువు ఎక్కడెక్కడ దూరిందో వెతకడం సరదాగా ఉంటుంది. ఆస్పత్రిలోని ఫోర్‌సెప్స్ లాటిన్‌లో కమ్మరి పనిముట్టు. ‘ఫోర్ముస్’ అంటే వేడి, వేడిదాన్ని పట్టేది ఫోర్‌సెప్స్. మన పట్టుకారులోనూ పట్టే ఉంది కదా! క్యాచ్, చేజ్ ఒకే మాట నుంచి వచ్చాయి, ఫ్రెంచిలోని రెండు మాండలికాల గుండా. క్యాప్టెన్‌కు మాత్రం దీనితో చుట్టరికం లేదు. అది తల అని అర్థమిచ్చే ‘కాపుత్’ సంతానం.

17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చిన క్యాప్టర్‌కు సముద్రం మీద హక్కులు కూడా ఉండేవి. 1708 నాటి బ్రిటిష్ చట్టం, పట్టిన శత్రునౌక విలువను పట్టినవారికే వదిలేసింది. అయితే ఆ పట్టు న్యాయమైనదని కోర్టు తేల్చాలి. 1898లో అమెరికా నౌకాదళం క్యూబా దగ్గర ‘పకేటే హబానా’ అనే చేపల పడవను పట్టింది, కింది కోర్టు దాన్ని వేలం వేయించింది. తీరంలో చేపలు పట్టుకునే పడవలను యుద్ధంలోనైనా పట్టరాదని 1900లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, ఆ సొమ్మును నష్టపరిహారంతో సహా తిరిగి ఇప్పించింది.

ఇప్పుడీ మాట ఎక్కువగా బందీ వైపు నుంచే వినబడుతుంది. 1973లో స్టాక్‌హోమ్ బ్యాంకులో బందీలుగా చిక్కినవారు తమ క్యాప్టర్ల మీద సానుభూతి చూపారంటారు. దొంగను పట్టిన పోలీసును మాత్రం మామూలుగా ఎవరూ అలా అనరు.

తెలుగులో దీనికి సరితూగే ఒంటి మాట వాడుకలో లేదు. పట్టేవాడు, పట్టినవాడు, పట్టినది అంటాం. కాలమూ లింగమూ అందులోనే తెలిసిపోతాయి. క్యాప్టర్ ఆ రెండూ చెప్పదు. అందుకే ముసుగు వెనక ఉన్నది ఆడో మగో తెలియనప్పుడు, ఉన్నది ఒక్కరే అయినా, తెలుగు విలేకరి ‘పట్టుకున్నవారు’ అని రాయాల్సి వస్తుంది. దాంతో దుండగుడికి మర్యాద కూడా దక్కుతుంది.