వేలు వదిలే వేళ

మా మేనల్లుడు రేసింగ్ గేమ్ ఆడుతుంటే చాలాకాలం తెర వంకే చూశాను. చూడాల్సింది వాడి చూపుడువేళ్లని అని ఈమధ్యే తెలిసింది.

నర్సీపట్నంలో మా అక్కావాళ్ల ముందుగది. పాత ల్యాప్‌టాప్, దానికి వైరుతో తగిలించిన గేమ్‌ప్యాడ్. గేమ్ పేరు అసెట్టో కోర్సా, 2014లో ఇటలీవాళ్లు తయారుచేసింది. ట్రాక్ కూడా వాళ్లదే, మోంజా. అక్కడ పొడవాటి తిన్నని దారి చివర మొదటి మలుపు వస్తుంది. ముందు కుడికి, వెంటనే ఎడమకి తిరగాలి. గంటకి 250 కిలోమీటర్లు దాటి వస్తున్న కారు రెండో గేరుకి దిగిపోవాలి. కొత్తవాళ్లు చాలామంది మొదటిసారి తిన్నగా వెళ్లి ట్రాక్ తప్పేది ఇక్కడే.

వాడి వేళ్లు చేసే పని ఇది. దూరం చెప్పే బోర్డు దగ్గరికి రాగానే రేసిచ్చే కుడి ట్రిగ్గర్, అంటే ప్యాడ్ అంచున చూపుడువేలు ఆనే మీట, దాని మీది వేలు లేస్తుంది, అదే క్షణంలో ఎడమ వేలు బ్రేకుని దాదాపు అడుగుదాకా నొక్కుతుంది. కారు ముక్కు వంగుతుంది. అంతవరకూ ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత ఎడమ వేలు పైకి రావడం మొదలవుతుంది. ఎంత నెమ్మదిగా అంటే, పాలగిన్నె వంచి మీగడ జారకుండా పాలు వంపుకున్నట్టు. అది లేస్తున్నకొద్దీ ఎడమ బొటనవేలు స్టీరింగు పనిచేసే స్టిక్‌ని కుడికి నెడుతూ ఉంటుంది. కారు లోపలి అంచుని తాకేసరికి బ్రేకు మీద వేలి బరువే ఉండదు. అంతా కలిపి నాలుగైదు సెకన్లు. అందులో నొక్కడానికి పట్టింది అర సెకను కూడా ఉండదు. మిగతాదంతా వదలడమే.

ఈ పని ఎంత చిన్న చోట జరుగుతోందో చూడండి. కారు పెడల్ మీద కాలి బరువు మొత్తం పెట్టొచ్చు, ఎంత నొక్కామో తొడకి, పిక్కకి తెలుస్తుంది. ట్రిగ్గర్ కదిలే దూరం గోరంత. విండోస్ కంప్యూటర్ ఆ గోరంత దూరాన్నీ సున్నా నుంచి 255 వరకు అంకెలుగా లెక్కపెడుతుంది. మామూలు ట్రిగ్గర్‌లో స్ప్రింగు మొదట్లోనూ చివర్లోనూ ఇంచుమించు ఒకేలా ఎదురు తోస్తుంది కాబట్టి, ఇప్పుడు 120 దగ్గరున్నామా 180 దగ్గరున్నామా అన్నది వేలికి దానంతటది తెలియదు. టైరు కీచుమనే చప్పుడు, చేతిలో ప్యాడ్ వణుకు, తెర మీద ముక్కు వాలు, వీటిని పట్టి లెక్క కట్టుకోవాలి.

ఈ మాత్రం వెసులుబాటు కూడా ఒకప్పుడు ఉండేది కాదు. 1997లో వచ్చిన మొదటి గ్రాన్ టురిస్మో రేసింగ్ గేమ్‌ని మామూలు బటన్లతో ఆడినవాళ్లకి బ్రేకు అంటే ఉంటే మొత్తం, లేకపోతే శూన్యం. కొట్టి వదిలి కొట్టి వదిలి నెట్టుకొచ్చేవారు. 2000లో ప్లేస్టేషన్ 2తో వచ్చిన ప్యాడ్‌లో ఒత్తిడిని కొలిచే బటన్లు పెట్టారు. 2013లో ఎక్స్‌బాక్స్ వన్ ప్యాడ్ ట్రిగ్గర్లలోనే చిన్న మోటార్లు అమర్చి, చక్రం పట్టు తప్పితే ఆ కబురు వేలికే అందే వీలు కల్పించింది. 2020లో ప్లేస్టేషన్ 5 ప్యాడ్ వచ్చాక గేమ్ కావాలనుకున్నప్పుడు ట్రిగ్గర్ గట్టిపడి వేలిని ఎదిరించగలుగుతోంది. మావాడి ప్యాడ్‌కి ఈ హంగులేవీ లేవు. ఊరికే వణుకుతుంది, అంతే.

వదలడం ఎందుకంత ముఖ్యమో మా బావ నాకు బస్సు భాషలో చెప్పాడు. ఆయన ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టినవాడు, అందులో ఎక్కువ భాగం నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే రూట్లోనే. డౌనూరు దాటితే ఘాట్ మొదలవుతుంది. పైన లంబసింగి, సుమారు 1,000 మీటర్ల ఎత్తు. చలికాలం తెల్లవారుజామున మంచులో ఎదుటి బండి దీపాలు కూడా దగ్గరికొచ్చేదాకా కనబడవు.

“ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగాల, బావా. బ్రేకు పట్టుకుని వేలాడితే డ్రమ్ములు కాగిపోతాయి. కాగిన బ్రేకు మాట వినదు. బస్సు ఆపినప్పుడు చూడు, ఆగడానికి రవంత ముందే కాలు తేలిక చెయ్యాల. లేకపోతే నిలబడ్డోళ్లు ముందుకి పడి, మళ్లీ వెనక్కి పడతారు.”

ఆ వెనక్కి పడటంలోనే ఉంది అసలు కిటుకు. బ్రేకు వేస్తే బండి బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది, ముందు స్ప్రింగులు అణుగుతాయి. బ్రేకు ఒక్కసారిగా వదిలేస్తే ఆ స్ప్రింగులు విడుచుకుని ముక్కు పైకి లేస్తుంది. బస్సులో అయితే జనం తూలుతారు. రేసు కారులో అయితే తిరగమని అడిగిన ఆ క్షణానే ముందు టైర్ల మీద బరువు తగ్గి, కారు తిరగనని తిన్నగా పోతుంది. పోనీ బ్రేకు వదలకుండా తిప్పితే? వెనక చక్రాలు తేలికై తోక పక్కకి జారుతుంది. ఈ రెండింటికీ మధ్య వేలు నడిచే దారి చాలా ఇరుకు.

టైరుకి వచ్చేది ఒక్కటే జీతం అనుకోండి. బ్రేకు ఖర్చు, మలుపు ఖర్చు, రేసు ఖర్చు, అన్నీ అందులోంచే వెళ్లాలి. మొత్తం జీతం బ్రేకుకే ఇచ్చేస్తే మలుపుకి మిగిలేది ఏమీ లేదు. అందుకే తిన్నగా ఉన్నప్పుడే ఎక్కువ ఖర్చుపెట్టేసి, చక్రం తిప్పుతున్నకొద్దీ బ్రేకు వాటా కోసి మలుపు చేతిలో పెడుతూ పోవాలి. మావాడు ల్యాప్ అయ్యాక బ్రేకు గ్రాఫ్ తీసి చూపించాడు. ఒకవైపు నిట్టనిలువుగా లేచిన గోడ, రెండోవైపు మెల్లగా దిగే వాలు. మొదట్లో వాడు గీసిన గ్రాఫులు రెండువైపులా గోడలే, పెట్టెల్లా ఉన్నాయి. ఆర్నెల్ల సాధనంతా ఆ రెండో గోడని వాలుగా చెక్కడానికే పోయింది.

మలుపు దాటాక కుడి వేలి వంతు. ఇక్కడ వాడు బొటనవేలికీ కుడి చూపుడువేలికీ మధ్య కనబడని దారం కట్టినట్టు ఆడతాడు. స్టిక్ ఎంత మధ్యకి వస్తే రేసు అంతే ఇస్తాడు. చక్రం ఇంకా తిరిగి ఉండగానే గట్టిగా రేసిస్తే వెనక టైర్లు ఊరికే గిర్రున తిరుగుతాయి, తోక జారుతుంది. భయపడి వేలు టక్కున తీసేస్తే బరువంతా ముందుకి దూకి కారు ఇంకా పాడుగా తిరుగుతుంది. కాబట్టి తప్పు చేసినప్పుడు కూడా వదలడం నెమ్మదిగానే ఉండాలి. మరీ అదుపు తప్పేలా ఉంటే మూడో గేరు ముందే వేసేస్తాడు. వేలికి సాధ్యంకాని సన్నపనిని గేరుకి అప్పగించడం అన్నమాట.

సాధన కూడా ముచ్చటైనదే. కారు ఆపేసి, తెర మీది బ్రేకు గీతని సరిగ్గా సగం దగ్గర పది లెక్కపెట్టేదాకా కదలకుండా నిలపడం. తర్వాత పావు దగ్గర. తర్వాత పైనుంచి కిందికి ఒకే వేగంతో దించడం. చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్‌ని కావాలనే ఆపేశాడు. అది ఉంటే వేలు బద్ధకిస్తుందట.

ఈ విద్య గేములకే చెందింది అనుకోనక్కర్లేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. కరెంటు కార్లు. గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ దగ్గర చివరి ల్యాపుల్లో బ్యాటరీ వెనకాల తరుముతున్న నిక్ కాసిడీ కన్నా తక్కువ ఉంది. అలాంటి కార్లలో మలుపుకి చాలా ముందే కాలు తీసి బండిని జారనివ్వడం ఒక ఆయుధం. ఎప్పుడు వదలాలో తెలిసినవాడికే చివరిదాకా మిగులుతుంది.

మొన్న ఆదివారం ప్యాడ్ మా బావ చేతికిచ్చాం. మొదటి మలుపులోనే గడ్డిలోకి పోయాడు. రెండోసారి గింగిరాలు తిరిగాడు. “దీనికి బరువెక్కడుందిరా?” అని విసుక్కున్నాడు. మూడో ల్యాప్‌కి పందెం మానేసి, బస్సు నడిపినట్టు తాపీగా ట్రాక్ అంతా తిరిగొచ్చి, బయల్దేరిన గీత దగ్గర ఆపాడు. ఆగే ముందు ఆయన ఎడమ వేలు రవంత లేవడం నేను చూశాను. కారు ముక్కు వంగి, ఉలిక్కిపడకుండా, తెలియనట్టే మట్టానికి వచ్చి నిలబడింది.

మావాడు తెరకి దగ్గరగా జరిగాడు. “నాన్నా, కార్లో ఎవరూ లేరు కదా. అంత మెల్లగా ఎందుకాపావు?”

“లేకపోతే ఏటి? కాలికి తెలుసేటి?” అన్నాడు బావ, వేలు చూసుకుంటూ.