తెలిసినవాడికే కనిపించే చొక్కా

రంగులు సుడులు తిరిగే టైడై టీషర్టు వేసుకుని బజార్లో నడిచే మనిషిని గుర్తుపట్టడానికి కళ్లుంటే చాలు. ‘నేను హిప్పీని, కాకపోయినా అలా కనిపించాలని ఉంది’ అని ఆ చొక్కా మైకు పట్టుకుని చెబుతుంది. దాని మీద నాకు పెద్దగా ఆసక్తి లేదు. నన్ను పట్టుకున్నది ఇంకో రకం. ఇస్త్రీ చొక్కా, నల్ల కోటు, మెడలో పట్టు టై. చూసినవాళ్లు బ్యాంకు మేనేజరో వకీలో అనుకుంటారు. టై మీద నీటిరంగులు ఒలికినట్టు ఏదో బొమ్మ. దారినపోయేవాళ్లలో ఎవరి చూపూ అక్కడ ఆగదు. ఎప్పుడో ఒకడు మాత్రం ఆగి, టై వంక చూసి, మొహం వంక చూసి, చిన్నగా తలాడించి వెళ్లిపోతాడు. ఇద్దరి మధ్యా పరిచయం అయిపోయింది.

అది జెర్రీ గార్సియా టై. గార్సియా గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందంలో గిటారు వాయించేవాడు. 1965లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో పుట్టిన ఆ బృందం 1995లో ఆయన పోవడంతో ఆగిపోయింది. ఎల్ఎస్‌డీ అనే మత్తుమందు అమెరికాలో ఇంకా నేరం కాని రోజుల్లో రచయిత కెన్ కీసీ, ఆయన మిత్రులు ఆ మందుతో జరిపిన ‘యాసిడ్ టెస్టు’ విందుల్లో వీళ్లు వాయించారు. తర్వాత ముప్ఫై ఏళ్లు ఊరూరా కచేరీలు. ఆ కచేరీల వెంట కార్లలో, వ్యాన్లలో తిరిగే అభిమానులకు డెడ్‌హెడ్స్ అని పేరు. గార్సియా కుర్రతనంలో చిత్రకళ నేర్చుకున్నాడు, బొమ్మలు వేయడం మానలేదు. 1992లో ఆ బొమ్మల్ని పట్టు టైల మీదికి ఎక్కించి పెద్ద దుకాణాల్లో అమ్మారు. తమాషా ఏమిటంటే ఆయన టై కట్టే మనిషే కాదు. వేదిక మీద ఏళ్ల తరబడి అదే నల్ల టీషర్టు. టైలు కట్టినవాళ్లు మాత్రం కట్టారు. వెర్మాంట్ రాష్ట్రం నుంచి 1975లో అమెరికా సెనేట్‌లో అడుగుపెట్టి 2023 జనవరి దాకా కొనసాగిన పాట్రిక్ లేహీ పేరుమోసిన డెడ్‌హెడ్. ఆయన మెడలోనూ ఆ టై కనిపించేది. సెనేట్ న్యాయ వ్యవహారాల కమిటీకి అధ్యక్షుడిగా కూర్చున్న మనిషి ఆయన!

మా బావమరిది శాన్‌హోసేలో ఉద్యోగం చేస్తాడు. అక్కడ చేరిన కొత్తలో వాళ్ల మేనేజరు కాలిమేజోళ్ల మీద రంగురంగుల ఎలుగుబంట్లు కనిపించాయట. జుట్టు నెరిసిన మనిషి, మాట పొదుపు. మనవాడు మర్యాదకని ‘బాగున్నాయండీ, పిల్లలు కొనిచ్చారా’ అన్నాడు. ఆయన నవ్వి అవునన్నాడు. కొన్నాళ్లకు ఇంకెవరో వచ్చి అవే మేజోళ్లు చూసి ‘మీరు ఏ ఊరి కచేరీకి వెళ్లారు’ అని అడిగితే, మీటింగు పక్కన పెట్టి ఇద్దరూ కాఫీ దగ్గర నిలబడిపోయారట. ‘బావా, నేనేమో చిన్నపిల్లల బొమ్మలనుకున్నా’ అని ఫోన్లో వాపోయాడు. వాపోవాల్సింది ఏమీ లేదు. ఆ మేజోళ్లు రెండుసార్లూ తమ పని తాము చేశాయి. తెలియనివాడికి ఎలుగుబంట్లు, తెలిసినవాడికి పాతికేళ్ల యవ్వనం.

ఆ ఎలుగుబంట్ల మెడలో రంపపు పళ్లలాంటి పట్టీ ఉంటుంది. అది ఉంటేనే అసలు బొమ్మ. బాబ్ థామస్ అనే చిత్రకారుడు ఆ బృందం 1973 నాటి రికార్డు అట్ట వెనక వేశాడు. బృందానికి సౌండ్ ఇంజినీరుగా పనిచేసిన ఔస్లీ స్టాన్లీ ముద్దుపేరు ‘బేర్’, అంటే ఎలుగుబంటి. ఆ బొమ్మ ఆయన కోసమే. ఈ ఔస్లీ మంచి సౌండ్ ఇంజినీరే కాదు, ఆ కాలంలో ఎల్ఎస్‌డీ తయారీలో అందరికంటే పేరున్నవాడు కూడా. లోకం ఆ ఎలుగుబంట్లు నాట్యం చేస్తున్నాయంటుంది. ఆయన మాత్రం కాదు, కవాతు చేస్తున్నాయనేవాడు.

ఇంకో గుర్తు పిడుగు. గుండ్రంలో సగం ఎరుపు, సగం నీలం, మధ్యలో తెల్లటి మెరుపు. పదమూడు కోణాలు. ఇదేదో తాంత్రిక చిహ్నమని కథలల్లినవాళ్లున్నారు గానీ, పుట్టుక చాలా మామూలుది. పెద్ద కచేరీలకు నాలుగైదు బృందాలు వస్తే అందరి స్పీకరు పెట్టెలూ నల్లవే, వేదిక వెనక ఏది ఎవరిదో తెలియక తన్నుకునేవారు. 1969 ప్రాంతంలో ఔస్లీ కారులో పోతూ రోడ్డు పక్కన ఒక రెండురంగుల గుండ్రటి బోర్డు చూశాడు. అలాంటిదే మన పెట్టెల మీద కొడితే పోలే అనుకున్నాడు. అచ్చు కత్తిరించి పెట్టెల మీద రంగు కొట్టారు. ఇప్పుడా పిడుగు చుట్టూ కనిపించే పుర్రె బొమ్మ తర్వాత చేరింది. మన పెళ్లిళ్లలో వంటగిన్నెల మీద ఇంటిపేరు చెక్కించుకోవడం లాంటి వ్యవహారమే. ‘ఇది మాది’ అని పెట్టెల మీద రాసుకున్న గుర్తు కొన్నాళ్లకు ‘నేను మీవాణ్ని’ అని మనుషులు తగిలించుకునే గుర్తయింది.

మరి అంత ఇష్టమున్నవాళ్లు బాహాటంగా వేసుకోవచ్చుగా, ఈ చాటుమాటు దేనికి? ఉద్యోగం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం చట్టం. ఎల్ఎస్‌డీని కాలిఫోర్నియా 1966 అక్టోబరులో నిషేధించింది, 1968లో దేశమంతటా నేరమైంది. 1986లో వచ్చిన చట్టం ప్రకారం ఎల్ఎస్‌డీ ఉన్న పదార్థం ఒక గ్రాము అమ్ముతూ దొరికితే కనీసం 5 ఏళ్ల జైలు. ఎల్ఎస్‌డీని అద్దుడు కాగితం మీద చుక్కలుగా వేసి అమ్ముతారు. తూకంలో కాగితం బరువు కలపాలా వద్దా అన్న ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టుకెక్కింది. చాప్‌మన్ అనే అతని కేసులో అసలు మందు సుమారు 50 మిల్లీగ్రాములు, కాగితంతో కలిపితే 5.7 గ్రాములు. కలపాల్సిందేనని 1991లో కోర్టు తీర్పు చెప్పింది. కాగితం బరువుకు జైలు శిక్ష! 1993లో శిక్షల మార్గదర్శకాల్లో తూకం లెక్క కొంత మార్చారు గానీ, అప్పటికే కాగితం తూకంతో శిక్ష పడినవాళ్లలో కచేరీల వెంట తిరిగిన కుర్రాళ్లున్నారు. అలాంటి రోజుల్లో కారు వెనక అద్దానికి పుర్రె స్టిక్కరు అంటించడమంటే పోలీసును పేరు పెట్టి పిలవడమే. గుర్తు చిన్నదై, టై మీదికి, మేజోళ్ల మీదికి, కోటు లోపలి లైనింగుకి జరిగిందంటే ఆశ్చర్యం ఏముంది?

మన దగ్గర లెక్క ఇంకా కఠినం. మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం పట్టికలో ఎల్ఎస్‌డీకి 0.1 గ్రాము దగ్గరే, కఠిన శిక్షలు పడే వాణిజ్య పరిమాణం మొదలవుతుంది. అయినా ఈ కాలమ్ గుడ్డ గురించి, చుక్క గురించి కాదు. సంగీతం వేరు, మత్తు వేరన్న తేడా డెడ్‌హెడ్స్‌లోనే కొందరు ముందుగా గ్రహించారు. 1980లలో మత్తు మానేసినవాళ్లు కొందరు వార్ఫ్ ర్యాట్స్ అని ఒక గుంపు కట్టారు. కచేరీ విరామంలో పసుపు బెలూన్లు కట్టిన బల్ల దగ్గర కలుసుకునేవారు. వేల మంది మత్తులో తూగుతున్న చోట మానేసినవాడు తన తోటివాణ్ని వెతుక్కోవడానికి ఒక పసుపు బెలూను. పిడుగులు, ఎలుగుబంట్లు, పుర్రెలు అన్నీ పక్కన పెట్టి, ఈ మొత్తం సంప్రదాయంలో నాకు బాగా నచ్చిన గుర్తేదని అడిగితే ఇదే చెబుతాను.

చదవగలిగినవాడికే చదవనివ్వడం అన్నది ఆ రోజుల కళంతటా ఉంది. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫిల్‌మోర్ హాలు కచేరీలకు వెస్ విల్సన్ వేసిన పోస్టర్లు చూడండి. అక్షరాలు కరిగి, ఉబ్బి, ఒకదానిలోకి ఒకటి ఒదిగిపోయి మంటల్లా ఉంటాయి. వియన్నా చిత్రకారుడు ఆల్‌ఫ్రెడ్ రోలర్ అక్షరాల నుంచి తీసుకున్న పద్ధతి అది. పోస్టరు అన్నాక దూరం నుంచి కనబడాలి కదా! ఇవి కనబడవు. దగ్గరికి వచ్చి నిలబడి కూడబలుక్కుంటే తప్ప ఎవరి కచేరీయో, ఎప్పుడో అర్థం కాదు. ఓపిక లేనివాడు టికెట్టు కొనక్కర్లేదన్న ధీమా అది.

అయితే ఏ గుర్తయినా దాని ఊళ్లోనే గుర్తు. అరవైల్లో అక్కడి కుర్రాళ్లు ఎగబడి వేసుకున్న పేస్లీ చొక్కానే తీసుకోండి. కాశ్మీరు శాలువాల మీది నమూనా స్కాట్లాండులోని పేస్లీ ఊరి మగ్గాలకెక్కి, ఆ ఊరి పేరే తగిలించుకుని, నూరేళ్లు దాటాక రాక్ సంగీతం చంక ఎక్కింది. ఫెండర్ కంపెనీ 1968లో గులాబీరంగు పేస్లీ కాగితం అంటించిన గిటారు కూడా అమ్మింది. మనకేమో అది మామిడి పిందె. అమ్మమ్మ చీర అంచు మీద, కలంకారీ దుప్పటి మీద, పెళ్లికూతురి చేతి గోరింటాకులో ఉండేది. హైదరాబాదులో పేస్లీ చొక్కా వేసుకుని తిరిగితే ‘ఏదైనా ఫంక్షనా’ అంటారు తప్ప ఇంకోలా ఎవరూ అనుకోరు. టైడై కూడా అంతే. నూలు పోగుల్ని ముందే లెక్కకట్టి ముడులు వేసి, రంగులద్ది, ఆ తర్వాత మగ్గం మీద బొమ్మ కలిసేలా నేసే పోచంపల్లి నేతగాడి ముందు, నేసిన టీషర్టును రబ్బరు బ్యాండ్లతో చుట్టి రంగు పోయడం పిల్లలాట.

ఆ పిల్లలాటే నాకు అలవాటైంది. నేను గ్రేట్‌ఫుల్ డెడ్ సంగీతంలో పడింది హాస్టల్ గదిలో అరువు తెచ్చుకున్న క్యాసెట్టుతో. ఒక్క కచేరీ చూసింది లేదు, ఒక్క చుక్క ముట్టింది లేదు. కాబట్టి పుర్రె టీషర్టు వేసుకుని తిరిగే హక్కు నాకుందని అనుకోను. కానీ ఇష్టం దాగదు. అందుకని చొక్కాల్లో దాస్తాను. తెల్ల నూలు చొక్కా, కాలరు పట్టీ లోపలివైపు, చేతి కఫ్పు లోపలి పొర మాత్రం నేను రంగులద్దిన గుడ్డ. చెయ్యి మడిస్తే కనిపిస్తుంది, లేకపోతే లేదు. బయట ఒకే ఒక్క ఆనవాలు, కింది నుంచి రెండో కాజా నారింజ దారంతో.

మొదటిసారి ఈ సంగతి చెబితే మా చిక్కడపల్లి దర్జీ మిషను ఆపేశాడు. ‘ఒక్క కాజానేనా సార్? తెల్లదారం అయిపోయి ఏదో ఒకటి ఏసిండనుకుంటరు. బద్నాం నేనైత’ అన్నాడు. అన్నీ నారింజ పెట్టించమని పట్టుబట్టాడు. అప్పుడది డిజైనవుతుంది, నాకు కావలసింది అది కాదు. చివరికి, ఎవరైనా అడిగితే దుకాణం పేరు చెప్పనని మాటిచ్చాక కుట్టాడు. లోపలి రంగుగుడ్డ చూసి మాత్రం ‘ఇంత మంచిగున్నది లోపలెందుకు సార్, దండగ’ అని ఇప్పటికీ నసుగుతాడు.

ఆ గుడ్డ తయారీకి ఒక రాత్రి పడుతుంది. కొత్త నూలుగుడ్డను గంజి పోయేదాకా ఉతికి, సోడా యాష్ కలిపిన నీళ్లలో పావుగంట నానబెట్టి పిండాలి. తడిగా ఉండగానే మధ్యన చిటికెడు పట్టుకుని తిప్పితే గుడ్డంతా మడతలు పడుతూ చుట్టుకుంటుంది. దాన్ని రబ్బరు బ్యాండ్లతో బిగించి, సీసాలోంచి రంగు మడతల్లోకి దిగేలా పిండుతాను. ఎరుపు పక్కన ఆకుపచ్చ పోశారా, కలిసిన చోట బురద రంగే మిగులుతుంది. పసుపు పక్కన ఎరుపు పోస్తే నారింజ పుడుతుంది. కొంత తెలుపు వదలడం నేర్చుకుంటే సగం విద్య వచ్చినట్టే. తర్వాత పాలిథిన్ సంచిలో చుట్టి తెల్లారేదాకా కదపకూడదు. ఆ రాత్రి జరిగేది అద్దకం కాదు, రసాయన బంధం. బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీ 1956లో ప్రోసియాన్ పేరుతో తెచ్చిన ఈ రంగులు సోడా క్షారంలో నూలుపోగుతోనే అతుక్కుపోతాయి, పొయ్యి అక్కర్లేదు. పొద్దున చన్నీళ్లలో జాడించి, వేన్నీళ్లలో సబ్బుతో ఉతికితే అతకని రంగు పోతుంది, అతికినది చొక్కా చిరిగేదాకా ఉంటుంది. హిప్పీల మొదటి టైడైలకు వాడిన మామూలు రంగులైతే నాలుగు ఉతుకులకు వెలిసేవి. అరవైల్లో అమ్మకాలు పడిపోయిన రిట్ అనే ఇంటివాడకం రంగు టైడై మోజుతోనే మళ్లీ గట్టెక్కింది. ప్రకృతి బిడ్డల చొక్కా వెనక రంగుల కంపెనీ అమ్మకాల విభాగం ఉందన్నమాట.

వ్యాపారం సంగతి వచ్చింది కాబట్టి, 2020లో నైకీ ఆ ఎలుగుబంట్ల బూట్లు తెచ్చింది. బొచ్చుతో, నారింజ, ఆకుపచ్చ, పసుపు రంగుల్లో. నాలుక భాగంలో చిన్న రహస్యపు జేబు కూడా పెట్టారు. రహస్యాన్ని ప్రకటించి అమ్మితే అది రహస్యమెలా అవుతుందో నాకర్థం కాదు. ఇప్పుడు మన మాల్స్‌లోనూ పిడుగు పుర్రె టీషర్టులు దొరుకుతున్నాయి. వేసుకున్న కుర్రాణ్ని తప్పుపట్టను, బొమ్మ బాగుంది, కొన్నాడు. వాణ్ని చూసి తలాడిస్తే ఎవరీ ముసలాయన అన్నట్టు చూస్తాడు, అంతే. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో లిథువేనియా బాస్కెట్‌బాల్ జట్టు కాంస్యం గెలిచి, తమకు డబ్బు సాయం చేసిన గ్రేట్‌ఫుల్ డెడ్ పంపిన టైడై టీషర్టులతోనే పతక వేదిక ఎక్కింది. అలా లోకమంతా చూసేలా వేసుకోవడానికి ఒక దేశం మళ్లీ స్వతంత్రమై ఉండాలి. మిగతా మనలాంటివాళ్లకు కాజా చాలు.

మీకూ ఇలాంటి ఇష్టం ఏదైనా ఉంటే, అది ఈ సంగీతమే కానక్కర్లేదు, ఒక పాత చొక్కా తీసి కఫ్పు లోపల మొదలుపెట్టండి. చేతులకు తొడుగులు వేసుకోండి, రంగుపొడి ముక్కులోకి పోకుండా గుడ్డ కట్టుకోండి, ఆ గిన్నెలు మళ్లీ వంటింట్లోకి రానివ్వకండి. ముఖ్యంగా గుడ్డ నూలుదో కాదో చూసుకోండి. ఈ రంగులు పాలిస్టరుకు అంటవు. అంటలేదని నాకు ఉత్తరాలు రాయకండి.