సమ్మతి వయసు చట్టం - ‘కన్యాశుల్కం’: సుబ్బి మౌనం

కీలకపదాలు: కన్యాశుల్కం, సమ్మతి వయసు, బాల్యవివాహం, గురజాడ, న్యాయవ్యవస్థ.

‘కన్యాశుల్కం’ తొలిసారి ప్రదర్శితమైనది 1892లో. అందుకు ఏడాది ముందే సమ్మతి వయసు చట్టం వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చదివినప్పుడు నాటకంలోని న్యాయస్థాన ఘట్టానికి కొత్త అర్థం స్ఫురిస్తుంది.

1860 నాటి భారత శిక్షాస్మృతి పదేళ్లలోపు బాలికతో సంభోగాన్ని, ఆమె భార్యే అయినా, అత్యాచారంగా పరిగణించింది. 1890లో కలకత్తాలో ఫూల్‌మణి దాసి అనే బాలిక భర్త చేతిలో మరణించింది. ఆమెకు పదేళ్లు దాటాయి కనుక అత్యాచార నేరం నిలవలేదు. ఆ దారుణం తరువాత, 1891లో, ఆ వయఃపరిమితి పన్నెండేళ్లకు పెరిగింది. అయితే చట్టం నిషేధించినది సంభోగాన్ని మాత్రమే. వివాహాన్ని కాదు, శుల్కాన్ని కాదు. విశాఖ మండలంలో మూడేళ్లలో 1034 శుల్కవివాహాలు జరిగాయనీ, వారిలో ఐదేళ్ల వధువులు 99 మంది అనీ గురజాడ తొలి ముద్రణ పీఠికలో చూపారు. అవి ఈ చట్టం వచ్చిన తరువాత జరిగినా నేరాలు కావు.

1909 నాటి మలికూర్పులో ఈ శూన్యం స్పష్టంగా కనిపిస్తుంది. అగ్నిహోత్రావధాన్లు సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధాన్లకు అమ్మజూపుతాడు. తల్లి వెంకమ్మ ప్రాణత్యాగానికి తెగిస్తుంది. మేనమామ కరటకశాస్త్రి శిష్యుడికి ఆడవేషం వేస్తాడు. ఆ పిల్లను కాపాడడానికి మోసమే తప్ప చట్టమార్గం లేదు. ఆ మాయపెళ్లికూతురు మాయమయ్యాక మాత్రం పోలీసులు, వకీళ్లు, న్యాయస్థానం ఒక్కసారిగా కదులుతారు. లేని ఆడపిల్ల హత్యకు విచారణ జరుగుతుంది. ఉన్న ఆడపిల్ల అమ్మకానికి ఫిర్యాదు చేసే చోటే లేదు. దీనిని కేవలం ప్రహసన యుక్తిగా చూడవచ్చు. కాని నవ్వు ముగిశాక మిగిలే ప్రశ్న చట్టాన్ని గురించినదే.

మరొక అంశం గమనార్హం. సుబ్బి వివాహాన్ని గురించి అందరూ మాట్లాడతారు. ఆమె సమ్మతిని ఎవరూ అడగరు. రక్షించేవారూ అడగరు. చట్టం పేరులో ఉన్న ‘సమ్మతి’ నాటకంలో ఎక్కడా వినిపించదు. ఈ మౌనమే గురజాడ విమర్శలోని లోతు.

1929 నాటి శారదా చట్టం వివాహానికే కనీస వయసు విధించింది. 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్లలోపువారి సమ్మతిని లెక్కలోకి తీసుకోలేదు. అయినా వివాహిత బాలికకు అత్యాచార చట్టంలోని రక్షణ పదిహేనేళ్ల వద్దే ఆగింది. దానిని 2017లో సుప్రీంకోర్టు పద్దెనిమిదికి చేర్చింది. అంటే 1891 నుండి 126 ఏళ్లు పట్టింది. పసితనానికి వయసు గీత తప్పనిసరి. కాని పదహారు, పదిహేడేళ్ల అమ్మాయి ఇష్టపడి వెళ్లినప్పుడు పెద్దలు అదే గీతను ఆమెపై ప్రయోగిస్తే, ఆమె మాట మళ్లీ వినబడకుండా పోతుంది. గీత ఎక్కడ గీసినా సుబ్బిని అడగడం మిగిలే ఉంటుందని నాటకం మనకు నేటికీ గుర్తుచేస్తోంది.